హనుమకొండ లోక్‌సభ: ఒక సరిహద్దు చరిత్ర

పార్లమెంటు నియోజకవర్గాల చరిత్రను రాసే పద్ధతి తెలుగులో చాలాకాలంగా గెలిచినవారి పట్టికతో మొదలై ఆ పట్టికతోనే ముగుస్తున్నది. ఏ సంవత్సరంలో ఎవరు, ఏ పార్టీ తరఫున, ఎంత ఆధిక్యంతో నెగ్గారో వరుసగా చెప్పేస్తే ఆ ప్రాంత రాజకీయ చరిత్ర పూర్తయినట్లేనన్న నమ్మకం ఎన్నికల ప్రత్యేక సంచికల్లో స్థిరపడిపోయింది. అయితే ఊరు పుట్టినట్లు నియోజకవర్గం పుట్టదు. చట్టం నియమించిన ఒక సంఘం జనాభా లెక్కలు ముందు పెట్టుకుని దాని హద్దును గీస్తుంది, కొన్ని దశాబ్దాల తర్వాత అదే చట్టం నియమించిన మరొక సంఘం ఆ హద్దును చెరిపివేస్తుంది. కాబట్టి గీత ఎందుకు పడిందో, దాని లోపలికి ఎవరు వచ్చారో, బయట ఎవరు మిగిలారో చెప్పకుండా విజేతల పేర్లు మాత్రమే రాయడం పునాది చూడకుండా మేడను వర్ణించడమే అవుతుంది. 1977 నుంచి 2008 వరకు ఎన్నికలు జరిగి ఆ తర్వాత రద్దయిన హనుమకొండ లోక్‌సభ నియోజకవర్గం ఈ లోపాన్ని పరీక్షించడానికి తగిన ఉదాహరణ.

కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ, తర్వాతి రాజధాని ఓరుగల్లు, అంటే నేటి వరంగల్. రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించిన నాటికే ప్రసిద్ధమైన మొదటి పట్టణమూ, కోట చుట్టూ పెరిగిన రెండవ పట్టణమూ, నిజాం కాలంలో రైల్వే కూడలిగా ఎదిగిన కాజీపేటా కలిసి నేడు ఒకే నగరంగా కనిపిస్తాయి. తొలి సార్వత్రిక ఎన్నికల్లో, అంటే 1952లో, హైదరాబాదు రాష్ట్రానికి 25 లోక్‌సభ స్థానాలుండగా, ఈ ప్రాంతం వరంగల్ పేరుతోనే పార్లమెంటుకు ప్రతినిధిని పంపింది. నిషేధం నీడలో ఉన్న కమ్యూనిస్టులు పోటీకి ఎంచుకున్న పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున పెండ్యాల రాఘవరావు అక్కడ గెలిచారు. అప్పట్లో దేశంలో కొన్నిచోట్ల ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులను, వారిలో ఒకరిని రిజర్వుడు వర్గం నుంచి ఎన్నుకునే ద్విసభ్య పద్ధతి ఉండేది. 1961 నాటి చట్టం దాన్ని రద్దు చేసిన తర్వాతనే ఒక హద్దుకు ఒక ప్రతినిధి అన్న నేటి నియమం దేశమంతటా అమలైంది.

హద్దులను తిరిగి గీసే పనిని నియోజకవర్గాల పునర్విభజన అంటారు. దానికోసం 1952, 1963, 1973, 2002 సంవత్సరాలలో నాలుగు సంఘాలు ఏర్పడ్డాయి. వీటిలో మూడవదైన జస్టిస్ జె.ఎల్. కపూర్ సంఘం 1971 జనగణన ఆధారంగా చేసిన విభజన 1976లో అమలుకు సిద్ధమైంది. ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ స్థానాల సంఖ్య 1962లో 43గా, 1967లో 41గా మారి ఈసారి 42 దగ్గర ఆగింది. హనుమకొండ పేరు లోక్‌సభ పటం మీదికి వచ్చినది ఈ విభజనతోనే. పక్కపక్కనే ఉన్న జంట పట్టణాల పేర్లతో వరంగల్, హనుమకొండ అని రెండు వేర్వేరు పార్లమెంటు స్థానాలు ఏర్పడడం మొదటినుంచీ కొంత విచిత్రమైన ఏర్పాటే. నగరాన్ని ఏకఖండంగా చూసే అలవాటున్నవారికి అది అసహజంగా తోచినా, చుట్టూ ఉన్న పల్లె తాలూకాల జనాభాను సరిపెట్టవలసిన లెక్క దృష్టిలో అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు.

ఇక్కడ చరిత్రకారులు సాధారణంగా పట్టించుకోని ఒక సాంకేతిక విషయం ఉన్నది. 1976 నాటి హద్దులను తాలూకాలు, ఫిర్కాలు వంటి పాత రెవెన్యూ విభాగాల ఆధారంగా నిర్ణయించారు. ఫిర్కా అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పర్యవేక్షణలో ఉండే కొన్ని గ్రామాల సముదాయం, తాలూకాలో ఒక భాగం. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలను నెలకొల్పింది. పరిపాలన మండలాల్లోకి మారిపోయినా ఎన్నికల హద్దు మాత్రం రద్దయిన ఫిర్కాల మీదనే 2008 దాకా నిలబడింది. ఇరవై ఏళ్లకు పైగా ఓటరుకు దరఖాస్తు ఇచ్చే కార్యాలయం ఒక భూగోళంలోనూ, ఓటు వేసే నియోజకవర్గం మరొక భూగోళంలోనూ ఉండిపోయాయి. ఆ కాలపు ఫలితాలను నేటి మండలాల పేర్లతో చదవబోయే పరిశోధకుడు ముందుగా ఈ రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పరచి చూసుకోవలసి ఉంటుంది.

కొత్త స్థానానికి తొలి ప్రతినిధి పి.వి. నరసింహారావు. 1957 నుంచి మంథని శాసనసభ్యుడిగా ఉండి, మధ్యలో ముఖ్యమంత్రిగా కూడా పనిచేసిన ఆయన 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభలో ప్రవేశించారు. ఉత్తరాదిన కాంగ్రెస్ కూలిపోయిన ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి మాత్రమే జనతా పార్టీ తరఫున గెలిచారు. 1980లో పి.వి. మళ్లీ హనుమకొండ నుంచే గెలిచి, ఇందిరాగాంధీ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రిగానూ, 1984 జూలై నుంచి హోం మంత్రిగానూ బాధ్యతలు నిర్వహించారు.

1984 డిసెంబరు ఎన్నికల్లో హనుమకొండ తీర్పు దేశమంతా చర్చించుకునే అంశమైంది. ఇందిరాగాంధీ హత్యానంతరం వీచిన సానుభూతి గాలిలో కాంగ్రెస్ లోక్‌సభలో 400కు పైగా స్థానాలు గెలుచుకోగా, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తెలుగుదేశం 30 స్థానాలు సాధించి దిగువ సభలో ప్రధాన ప్రతిపక్షంగా నిలిచింది. ఆ ఏడాది ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని పడగొట్టిన తీరు మీద రాష్ట్రంలో రగిలిన ఆగ్రహం, ఆయనకు అండగా నిలిచిన ప్రతిపక్షాలతో కుదిరిన సర్దుబాటు కలిసి ఈ ఫలితాన్నిచ్చాయి. ఆ సర్దుబాటులో హనుమకొండ భారతీయ జనతా పార్టీకి వచ్చింది. ఆ పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి 54 వేలకు పైగా ఆధిక్యంతో పి.వి. నరసింహారావును ఓడించారు. దేశం మొత్తం మీద ఆ పార్టీ గెలిచిన రెండు స్థానాలలో ఇది ఒకటి, రెండవది గుజరాత్‌లోని మెహసానా.

ఈ ఫలితాన్ని కాబోయే ప్రధానమంత్రి ఓటమిగానో, తర్వాతి దశాబ్దాలలో దేశాన్ని ఏలిన పార్టీకి తొలి అడుగుగానో చెప్పుకోవడం పరిపాటి. రెండు కథనాలకూ ఆధారం ఉన్నది. కాని రెండూ హనుమకొండను తమ సౌకర్యం కోసం వాడుకుని వదిలేస్తాయి. జంగారెడ్డి జనసంఘ్ రోజుల నుంచి ఆ చుట్టుపక్కల రాజకీయాల్లో ఉన్న మనిషి. 1967లో పరకాల నుంచి, ఆ తర్వాత శాయంపేట నుంచి శాసనసభకు ఎన్నికైన స్థానిక నాయకుడిగా ఆయనకు సొంత బలం ఉండేది. ఆ బలం, తెలుగుదేశం మద్దతు, ఢిల్లీలో కీలక శాఖలు చూస్తున్న మంత్రి మీద సహజంగా ఏర్పడే దూరం అన్నీ ఒకే గీత లోపల కలిశాయి. జాతీయ పార్టీ విస్తరణకు ఇదే విత్తనమని చెప్పడం కూడా తొందరపాటే, ఎందుకంటే ఆ పార్టీ ఈ స్థానాన్ని మళ్లీ ఎన్నడూ గెలవలేదు.

ఇక పి.వి. అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా పోటీ చేసి గెలిచారు, 1989లోనూ అక్కడినుంచే నెగ్గారు. ప్రధానమంత్రి అయ్యాక సభాసభ్యత్వం కోసం 1991 నవంబరులో నంద్యాల ఉపఎన్నికను ఎంచుకున్నారు. ఆయన తిరిగి హనుమకొండ నుంచి పోటీ చేయలేదు. తెలంగాణ నుంచి వచ్చిన ప్రధానమంత్రి రాయలసీమ ప్రతినిధిగా దేశాన్ని పాలించడానికి నేపథ్యం ఇదే.

తర్వాతి కాలం గురించి చెప్పవలసినది తక్కువ. 1980లో వరంగల్ నుంచి గెలిచిన కమాలుద్దీన్ అహ్మద్ హనుమకొండకు మారి 1989, 1991, 1996లలో కాంగ్రెస్ తరఫున నెగ్గి, పి.వి. మంత్రివర్గంలో సహాయ మంత్రిగా ఉన్నారు. 1998, 1999లలో తెలుగుదేశం అభ్యర్థి చాడ సురేశ్‌రెడ్డి, 2004లో కాంగ్రెస్ పొత్తుతో తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి బి. వినోద్‌కుమార్ గెలిచారు.

నియోజకవర్గం ఎందుకు పోయిందన్న ప్రశ్నకు జవాబు స్థానిక రాజకీయాల్లో దొరకదు, రాజ్యాంగంలో దొరుకుతుంది. 1976 నాటి 42వ సవరణ ఒక్కొక్క రాష్ట్రానికి దక్కే లోక్‌సభ స్థానాల సంఖ్యను 1971 జనాభా ప్రకారం స్తంభింపజేసింది. కుటుంబ నియంత్రణను బాగా అమలుచేసిన రాష్ట్రాలు స్థానాలు కోల్పోరాదన్నది అందులోని ఉద్దేశం. 84వ సవరణ ఆ స్తంభనను 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించింది. రాష్ట్రం లోపలి హద్దులను మాత్రం 2001 జనగణన ప్రకారం సరిచేయవచ్చునని 87వ సవరణ అనుమతించింది. ఈ ఏర్పాటు వల్ల జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన నాలుగవ సంఘానికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క స్థానమైనా అదనంగా ఇచ్చే వీలు లేకపోయింది. ఒకచోట కొత్త నియోజకవర్గం పుట్టాలంటే మరొకచోట పాతది పోక తప్పదు.

లెక్క ఇలా సాగింది. 2001లో రాష్ట్ర జనాభా సుమారు 7.62 కోట్లు. దాన్ని 42తో భాగిస్తే ఒక లోక్‌సభ స్థానానికి సగటున 18.15 లక్షలు, 294తో భాగిస్తే ఒక శాసనసభ స్థానానికి సగటున 2.59 లక్షలు వస్తాయి. శాసనసభ స్థానాన్ని రెండు లోక్‌సభ స్థానాల మధ్య చీల్చకూడదు కనుక ఏడేసి శాసనసభ స్థానాలు కలిసి ఒక పార్లమెంటు నియోజకవర్గమయ్యాయి. భౌగోళికంగా ఒకే ముక్కగా ఉండడం, పరిపాలనా హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలని చట్టం చెప్పినా, చివరి మాట సగటుదే. ముప్పై ఏళ్లలో జనం హైదరాబాదు చుట్టూ పోగైనందున రంగారెడ్డి జిల్లాకు 14 శాసనసభ స్థానాలు వచ్చాయి, వరంగల్ జిల్లాలో మాత్రం 13 కాస్తా 12 అయ్యాయి. లోక్‌సభ పటం మీద చేవెళ్ల, మల్కాజ్‌గిరి, భువనగిరి, జహీరాబాద్, మహబూబాబాద్, అరకు, విజయనగరం చేరగా, హనుమకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ, భద్రాచలం, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం తొలగిపోయాయి. ఏడు వచ్చాయి, ఏడు పోయాయి. సగటు కోసం ఇంత చేసినా, కొత్తగా ఏర్పడిన మల్కాజ్‌గిరి కొద్దికాలంలోనే 30 లక్షలు దాటిన ఓటర్లతో దేశంలోనే అతిపెద్ద నియోజకవర్గంగా మారింది. జనగణన నాటి లెక్క ఎన్నికల నాటికే పాతబడుతుందని తెలిసినా ఈ విద్యకు వేరే కొలబద్ద లేదు.

ఇలాంటి నిర్ణయాల మీద కోర్టులో సవాలుకు సాధారణంగా అవకాశం లేదనడానికి రాజ్యాంగం 329వ అధికరణ ఆధారం. ఉజ్జయినిని రిజర్వుడు స్థానంగా మార్చడం మీద వచ్చిన మేఘరాజ్ కొఠారి కేసులో సుప్రీంకోర్టు 1966లోనే ఈ విషయం తేల్చింది. సంఘంలో అనుబంధ సభ్యులుగా కూర్చునే పార్లమెంటు, శాసనసభ సభ్యులకు ఓటు ఉండదు. వెలువడిన ఉత్తర్వును చట్టసభలు సవరించలేవు. అధికారంలో ఉన్న పక్షం హద్దులను తనకు అనుకూలంగా మలచుకోకుండా చేసిన ఈ కట్టడి మంచిదే. కాని దాని మూలంగా ఒక నియోజకవర్గాన్ని ఎందుకు తీసివేశారో ఆ ప్రజలకు వివరంగా జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా ఎవరి మీదా లేకుండా పోయింది.

కొత్త హద్దులను రాష్ట్రపతి 2008 ఫిబ్రవరి 19న ఆమోదించారు. సరిగ్గా ఆ తర్వాతనే తెలంగాణ రాష్ట్ర సాధన కోసం తెలంగాణ రాష్ట్ర సమితి ప్రజాప్రతినిధులు రాజీనామాలు చేయడంతో, మే నెలలో హనుమకొండ సహా నాలుగు లోక్‌సభ స్థానాలకు ఉపఎన్నికలు జరిగాయి. అప్పటికి ఉన్న సభ రద్దయ్యేదాకా దాని ఖాళీలను పాత హద్దులతోనే నింపాలని చట్టం చెబుతున్నది. ఆ ప్రకారం, ఉత్తర్వులో అప్పటికే లేని నియోజకవర్గానికి ఓటర్లు చివరిసారి ఓటు వేశారు, వినోద్‌కుమార్ మళ్లీ గెలిచారు. వరంగల్, ఆదిలాబాద్‌లలో ఓడిన ఆ పార్టీ కరీంనగర్‌తో పాటు దీన్ని నిలుపుకోవడం ఉద్యమ చరిత్రలో చిన్న విషయమేమీ కాదు. అయినా ఈ ఉపఎన్నికకు 1984 ఎన్నికకు దక్కిన ప్రస్తావనలో పదో వంతు కూడా దక్కలేదు. తర్వాత ఆ గెలుపును తనదని చెప్పుకోవడానికి ఒక నియోజకవర్గమే మిగలకపోవడం ఇందుకు కొంత కారణం కావచ్చు.

2009 నాటికి వరంగల్ షెడ్యూల్డు కులాలకు, పొరుగున ఉన్న మహబూబాబాద్ షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయ్యాయి. దళిత, గిరిజన ప్రాతినిధ్యం దృష్ట్యా ఇది న్యాయమైన మార్పు. మరోవైపు పాత జనరల్ స్థానంలోని నాయకులు వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. వినోద్‌కుమార్ కరీంనగర్‌కు వెళ్లి 2009లో ఓడి, 2014లో గెలిచారు. హనుమకొండ శాసనసభ స్థానం వరంగల్ పశ్చిమంగా మారింది. శాయంపేట, కమలాపూర్ స్థానాలు పోయాయి, భూపాలపల్లి వచ్చింది. పి.వి. పుట్టిన లక్నేపల్లి ఇప్పుడు మహబూబాబాద్ లోక్‌సభలోనూ, పెరిగిన వంగర కరీంనగర్ లోక్‌సభలోనూ, ఆయనను ఢిల్లీకి పంపిన పట్టణం వరంగల్ లోక్‌సభలోనూ ఉన్నాయి.

ఇటువంటి స్థానానికి చరిత్ర రాయదలచినవారు శాసనసభ భాగాల వారీగా, వీలైతే పోలింగ్ కేంద్రాల వారీగా లెక్కలు సేకరించాలి. ప్రతి కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చూపే తుది ఫలిత పత్రాన్ని ఫారం 20 అంటారు. 2004 నుంచి ఓటింగ్ యంత్రాలు దేశమంతటా వచ్చాక అది నమ్మదగిన ఆధారమైంది. అంతకుముందు బ్యాలెట్ పత్రాల కాలంలో ఏ ఊరు ఎవరికి వేసిందో బయటపడకూడదని పలుచోట్ల పెట్టెల్లోని పత్రాలను కలిపి లెక్కించేవారు. ఓటరు రక్షణకు మేలైన ఆ పద్ధతి చరిత్రకారుడికి మాత్రం దారి మూసింది. 2016లో తెలంగాణ జిల్లాల, మండలాల హద్దులు మారడం, 2021లో వరంగల్ పట్టణ జిల్లా హనుమకొండ జిల్లాగా పేరు మార్చుకోవడం మరొక పొరను చేర్చాయి. నేటి వరంగల్ లోక్‌సభ స్థానం ప్రధానంగా హనుమకొండ, వరంగల్, జనగామ, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల మీదుగా పరచుకుని ఉన్నది. తదుపరి పునర్విభజన సంఘం కూర్చున్నప్పుడు 2008లో ఆధారంగా తీసుకున్న మండలాల్లో కొన్ని ఆనాటి రూపంలో ఉండవు, 1976లో తీసుకున్న ఫిర్కాలు ఎప్పుడో పోయాయి. 1977 నుంచి 2008 దాకా ఈ నియోజకవర్గం ఎక్కడ ఉండేదో కచ్చితంగా చెప్పగలిగినవి 1976 నాటి ఉత్తర్వులోని హద్దుల వివరాలే.