‘కృతజ్ఞతాస్తుతులు చెల్లించుట’ – ఒక పదవిమర్శ

తెలుగు బైబిలు చదువువారికి ‘కృతజ్ఞతాస్తుతులు చెల్లించుట’ అను పదబంధము మిక్కిలి పరిచితము. లూకా సువార్త 17వ అధ్యాయమున స్వస్థులైన పదిమంది కుష్ఠరోగులలో మరలివచ్చిన సమరయు డొక్కడు చేసిన పని యిదియే. తరువాతి అధ్యాయమున దేవాలయములో నిలిచిన పరిసయ్యుడు, తా నితరులవంటివాడు కానందుకు చేసినదియు నిదియే. గ్రీకు మూలమునను రెండుచోట్ల క్రియ యొక్కటే. కావున పదమును బట్టి ప్రార్థనలోని నిజాయితీని నిర్ణయింప వీలులేదు. సమరయుని చూపు దాతపై నిలిచినది. పరిసయ్యుని చూపు దూరముగా నున్న సుంకరిపై బడినది. ఆతని స్తుతి దేవుని సంబోధించి ఆరంభమై, ఆత్మశ్లాఘగా ముగిసినది.

‘కృతజ్ఞత’ యనగా చేయబడినదాని నెరుగుట. ‘చేసిన మేలు మరువకుండుట’ యని మన వాడుకలో నున్నదియు నీ భావమే. ఇందు ప్రతిఫల మిచ్చుట యను నర్థము లేదు. ‘చెల్లించు’ అను క్రియ త్రోవ వేఱు. అప్పు చెల్లింతుము, శిస్తు చెల్లింతుము, మ్రొక్కు చెల్లింతుము. చెల్లించిన పిమ్మట లెక్క ముగియును. విజయనగరమున పైడితల్లి సిరిమానోత్సవము నాడు మ్రొక్కు తీర్చుకొను జనసమూహమును చూచిన ఉత్తరాంధ్రుని చెవికి ఈ క్రియ యే ధ్వని నిచ్చునో వివరింప నక్కరలేదు. మ్రొక్కును కేవలము బేరమని తేలికపరచుట నా ఉద్దేశము కాదు. అందును జ్ఞాపకము కలదు, బహిరంగముగా ఒప్పుకొను ధైర్యము కలదు. అయినను మ్రొక్కు కోరిక నెరవేరిన పిదప వచ్చునది. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో (4:6) పౌలు కృతజ్ఞతను విన్నపముతోడనే యుండుమన్నాడు. అనగా ఫలము తెలియక పూర్వమే.

116వ కీర్తన యీ చిక్కును ఆశ్చర్యకరముగా విప్పుచున్నది. యెహోవా చేసిన ఉపకారములకు తానేమి ఈయగలనని కవి ప్రశ్నించుకొని, రక్షణపాత్రను చేత బుచ్చుకొందునని బదులు చెప్పికొనును. ఏమి ఈయవలెనను ప్రశ్నకు మరల పుచ్చుకొనుటయే సమాధానము! మ్రొక్కుబళ్ల ప్రసక్తి ఆ వెనుకనే వచ్చును. ఈ వరుస యాదృచ్ఛికమని నాకు తోపదు.

మన కీర్తనకారులు దీని నెరుగకపోలేదు. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో పుట్టి 1890లో గతించిన పురుషోత్తమ చౌదరి, క్రైస్తవస్తుతిని తెలుగు కీర్తనఫణితిలో నిలిపినవారిలో ముఖ్యుడు. చరణము ఉపకారమును వివరించును. పల్లవి ప్రభువును మరల పిలుచును. ఎన్ని చరణములు పాడినను పిలుపు తప్పదు. లెక్క ముగియుటకు ఆ నిర్మాణమున తావులేదు. వచనప్రార్థనకు ఈ కట్టుబాటు లేనందుననే కాబోలు, ‘స్తోత్రము’ అను మాట నేడు పెక్కు ప్రార్థనలలో ఊపిరి తీసికొను విరామమునకు ఊతపదముగా దిగజారినది.

గరివిడి, చీపురుపల్లి ప్రాంతములలో బిడ్డ పుట్టినను, ఉద్యోగము దొరకినను, ఇల్లు కట్టినను ‘కృతజ్ఞత కూడిక’ జరుపుదురు. కోతపండుగకు క్రొత్త ధాన్యము తెత్తురు. ఇవి మంచి ఆచారములే. నష్టమునకు మాత్రము ఇట్టి కూడిక లేదు. అక్కడనే అసలు పరీక్ష.

గరివిడి సమీపగ్రామమున కుమారుని పోగొట్టుకొన్న యొక తల్లి యింట నేనుండగా, సంఘపు పెద్ద యొకరు ఆ మరణమును గూర్చియు దేవునికి కృతజ్ఞత చెప్పుమమ్మా యని ప్రార్థన చేయబురికొల్పినారు. ఆయనకు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక (5:18) ఆధారము. కాని యందున్నది ‘ప్రతి విషయమునందు’ అను సప్తమి, మూలమునను అంతే. దుఃఖమునందుండి స్తుతించుట వేఱు, దుఃఖమునకై స్తుతించుట వేఱు. ఎఫెసీయుల పత్రికలో (5:20) ‘సమస్తమునుగూర్చి’ యని యున్నదని ఆక్షేపింపవచ్చును. ఆ మాటను నేను దాటవేయను. అయినను అది పాటలు పాడుకొను సంఘమునుద్దేశించిన సందర్భమున వచ్చినది. శవము లేచిన యింట నొక తల్లినోట బలవంతముగా పలికించుటకు చెప్పినది కాదు.

ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, మోయుటకు నలుగురు వచ్చినారు, రాత్రి యెవరో గంజి కాచి తెచ్చినారు, అందుకు వందనాలు తండ్రీ యన్నది. కుమారుని పేరెత్తలేదు. పెద్ద ఆమేనని లేచిపోయినారు.