డెబ్బై, ఆపైన పావు చుట్టు

స్కోడా లారా, ఐదో తరం ఫోక్స్‌వాగన్ జెట్టా నడిపినవాళ్లలో చాలామందికి ఒక చప్పుడు పరిచయం. రివర్సు తీసి బ్రేకు నొక్కినప్పుడో, నెమ్మదిగా మలుపు తిరుగుతున్నప్పుడో ముందు చక్రాల మధ్య నుంచి ‘టక్’మంటుంది. బుష్‌లు మారుస్తారు, లింక్ రాడ్లు మారుస్తారు. అయినా పోకపోతే చూడాల్సింది సబ్‌ఫ్రేమ్ బోల్టుల వైపు.

2003లో వచ్చిన ఐదో తరం గోల్ఫ్‌కు వాడిన పీక్యూ35 ప్లాట్‌ఫారమే ఈ రెండు కార్లదీ. ముందు భాగంలో బాడీ కింద బిగించే చట్రమే సబ్‌ఫ్రేమ్. లోయర్ ఆర్మ్‌లు, స్టీరింగ్ రాక్, యాంటీ రోల్ బార్, ఇంజన్ కింది మౌంటు దాన్నే పట్టుకుని ఉంటాయి. గుంతలో పడినా, బ్రేకు వేసినా చక్రాల మీది బలంలో పెద్ద వాటా చట్రం గుండా వచ్చి, ఆ కాసిని బోల్టుల దగ్గరే బాడీలోకి ఎక్కుతుంది. అక్కడ పట్టు తగ్గితే చట్రం వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ జరగడమే చప్పుడు.

అయితే ఎంత బిగించాలి?

పానాకు ఇనప పైపు తొడిగి, ఒళ్లు బరువంతా వేసి తిప్పడం షెడ్లలో పాత అలవాటు. చేతికి గట్టిగా తగిలితే పని అయిపోయినట్టే లెక్క. కానీ చట్రాన్ని బాడీకి అదిమి పట్టేది బోల్టు సాగుదల. బిగించినకొద్దీ ఉక్కు కొద్దికొద్దిగా సాగి, వెనక్కి రావాలని లాగుతుంది. చేతికి తెలిసేది ఆ లాగుడు కాదు, చాలావరకు రాపిడి. పానా మీద పెట్టిన బలంలో సుమారు తొంభై శాతం బోల్టు తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. తుప్పు పట్టిన మర త్వరగా బిర్రుగా అనిపించి, అసలు పట్టు లేకుండానే మోసం చేస్తుంది. నూనె రాసిన మర అదే బలానికి బోల్టును హద్దు మీరి లాగేస్తుంది.

అందుకే ఈ ప్లాట్‌ఫారంలో కంపెనీ ఇచ్చిన కొలత రెండు మెట్లుగా ఉంటుంది: 70 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు. మొదటి మెట్టులో టార్క్ రెంచ్‌తో బోల్టును దాని చోట కుదురుగా కూర్చోబెడతారు. రెండోది కోణం లెక్క. మర అంతరం ఒకటిన్నర మిల్లీమీటరు అయితే, పావు చుట్టుకు బోల్టు ముందుకు జరిగేది 0.375 మిల్లీమీటర్లు. రాపిడి ఎంతున్నా ఆ జరుగుడు మారదు. దాంతో బోల్టు తిరిగి పాత పొడవుకు రాలేనంతగా సాగుతుంది, లాగి లాగి వదులైన రబ్బరు బ్యాండులాగా. విప్పిన బోల్టును మళ్లీ వాడొద్దని, ప్రతిసారీ కొత్తది వేయమని మాన్యువల్ చెప్పేది ఇందుకే. బయటికి పాతది కొత్తదానిలాగే మెరుస్తుండవచ్చు. తలమీద బలం తరగతి చెప్పే 10.9 అంకె కూడా అలాగే ఉంటుంది.

ఇంటి దగ్గర ఈ పని చేసేవాళ్లకు షెడ్డులో దొరకని సౌకర్యం తీరిక. కారు గట్టి నేల మీద, స్టాండ్ల మీదే నిలబడాలి. జాకీని నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు. విప్పకముందు చట్రం అంచు చుట్టూ బాడీ మీద పెయింటుతో గీత గీస్తారు. చట్రం పక్కకు జరిగితే చక్రాల వాలు (క్యాంబర్) మారి, స్టీరింగ్ ఒకవైపు లాగుతుంది. అన్ని బోల్టులూ ఒకేసారి తీయకుండా, ఒకటి తీసి కొత్తది బిగించాకే రెండోదాని జోలికి వెళతారు. పాతదాన్ని విప్పడానికి పొడుగాటి బ్రేకర్ బార్ వాడాలి. టార్క్ రెంచ్‌ను ఆ మొరటు పనికి వాడితే దాని కొలత చెడుతుంది. కొత్తదాన్ని మొదట వేళ్లతోనే ఎక్కించాలి. నట్టు బాడీ లోపల వెల్డు చేసి ఉంటుంది కాబట్టి, మర అడ్డంగా పడి పాడైతే బాగుచేయడానికి బాడీని కోయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. మరో కారుకైతే అంకెలు వేరు. ఆ కారు మాన్యువల్ తెరవనిదే పానా పట్టకూడదు.

అంతా అయ్యాక బోల్టు తల నుంచి చట్రం మీదికి పెయింటుతో ఒక గీత గీసి, వీల్ అలైన్‌మెంట్ చూపించుకోవాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ‘ఓసారి బిగించి చూద్దాం’ అనిపిస్తుంది. చాలా శ్రద్ధగల మనుషులకే ఆ కోరిక ఎక్కువ. కానీ హద్దు దాటి సాగిన బోల్టును మళ్లీ తిప్పితే అది ఇంకా సాగుతుంది, తెగనూ వచ్చు. అప్పుడు కావాల్సింది టార్చి లైటు: బోల్టు తల మీది గీత, చట్రం మీది గీతతో కలిసి ఉంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. గీత తప్పి ఉంటే మరో కొత్త బోల్టు కొనాలి.