దున్నిన చేలో పాత డబ్బు

మెటల్ డిటెక్టర్ అంటే మనకు గుడి గుమ్మం దగ్గర కాపలా మనిషి చేతిలో కుయ్‌మనే కర్ర గుర్తొస్తుంది. లేదంటే పేపర్లో మూలన పడ్డ వార్త: పాడుబడ్డ కోట దగ్గర అర్ధరాత్రి గుప్తనిధుల కోసం తవ్వుతూ దొరికిపోయిన ముఠా, వాళ్ల బండిలో నిమ్మకాయలు, పలుగు, పార, ఒక డిటెక్టరు. ఇంగ్లండులో అదే పరికరం భుజాన వేసుకుని ఆదివారం పొద్దున్నే నలుగురు స్నేహితులు పట్టపగలు, రైతు అనుమతితో, కోత అయిపోయిన గోధుమ చేలోకి దిగుతారు. ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చి, సాయంత్రం దాకా నేల చూపులు చూస్తూ నడుస్తారు. వీళ్ల మీద బీబీసీ 2014లో ‘డిటెక్టరిస్ట్స్’ పేరుతో ఒక హాస్య ధారావాహిక మొదలుపెట్టింది.

పరికరం చరిత్ర కూడా చిత్రమైనదే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ గ్రాహంబెల్ ఇలాంటిదొకటి తయారుచేసి తెచ్చాడు. తూటా దొరకలేదు, అధ్యక్షుడు బతకలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ సైనికాధికారి కొసాట్స్కీ రూపొందించిన మందుపాతరల డిటెక్టరు ఎల్ అలమైన్ ఎడారిలో సైన్యానికి దారి చూపింది. ఆ తర్వాత ట్రాన్సిస్టర్ల పుణ్యమా అని బరువూ ధరా తగ్గి, 1960లు, 70లలో మామూలు మనుషుల చేతికొచ్చింది.

కర్ర చివర పళ్లెంలాంటి దానిలో రాగి తీగ చుట్టలు రెండుంటాయి. ఒకటి నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహముంటే అందులో చిన్న విద్యుత్ సుడులు పుట్టి తమ సొంత క్షేత్రాన్ని పైకి పంపుతాయి, రెండో చుట్ట దాన్ని అందుకుంటుంది. ఆ జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్ని బట్టి ఇనుమా, వెండా అని యంత్రం ఊహిస్తుంది. అది ఊహ మాత్రమే. ఇనుప మేకుకు బొంగురుగా గురక పెడుతుంది, పెద్ద వెండి నాణేనికి సన్నగా, ఎత్తుగా పలుకుతుంది. చిక్కంతా మధ్యలో ఉంది. చిన్న బంగారు ఉంగరం, సిగరెట్ పెట్టెలోని రేకు, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగు దాదాపు ఒకే గొంతుతో మాట్లాడతాయి. చెత్త వినపడకుండా మీట నొక్కేసినవాడు దానితోపాటు బంగారాన్నీ వదులుకుంటాడు. అందుకే అనుభవమున్నవాళ్లు తెరమీద అంకెను పెద్దగా పట్టించుకోరు. అనుమానమొచ్చిన చోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి ఊపి, రెండు వైపుల నుంచీ ధ్వని ఒకేలా ఉందో లేదో చెవిపెట్టి వింటారు.

ఊపడంలోనూ పద్ధతుంది. పళ్లెం నేలను దాదాపు రాసుకుంటూ పోవాలి. కొత్తవాళ్లు ఊపు చివర పైకి లేపేస్తారు, అక్కడే లోతు పోతుంది. మామూలు నాణేనికి జానెడు లోతు దాకా వినపడితే చాలా మంచి యంత్రం కింద లెక్క. వాన పడి తడిసిన నేలలో వినికిడి తరచుగా మెరుగవుతుంది. నలుగురున్నప్పుడు నాట్లు వేసే వరసలాగా పక్కపక్కన నిలబడి, ఒకరి ఊపు అంచు ఇంకొకరిదాన్ని తాకేలా చేనంతా దాటుతారు. రోజంతా నడిస్తే చేతికొచ్చేవి ఎక్కువగా బొత్తాలు, సీసపు ముక్కలు, తుపాకీ తూటా అడుగులు, గుర్రపు నాడాల మేకులు. ఎప్పుడో ఒకసారి వేలిగోరంత పలచటి వెండి నాణెం తగులుతుంది. మధ్యయుగంలో చిల్లర కోసం పెన్నీనే రెండుగా, నాలుగుగా కత్తిరించేవాళ్లు, ఆ ముక్కలూ దొరుకుతాయి. స్నేహితుల గుంపు ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. ఒకరికి బొత్తాల మీద పట్టు, ఒకరికి రాజుల తలల మీద. ఇంకొకరికి ఏమీ తెలియకపోయినా పాత పటాల్లో ఏ కాలిబాట ఏ చేలోంచి పోయేదో తెలుసు. నన్నడిగితే ఆ మూడోవాడే అసలు పనివాడు.

తవ్వడం చిన్న పని. పచ్చిక బయలైతే మూడు వైపులా కోసి, నాలుగో వైపు అలాగే ఉంచి గడ్డిచెక్కను తిరగేస్తారు. మట్టిని గుడ్డమీద పోసి, వస్తువు తీశాక గుంటలో ఇంకేమైనా ఉందేమోనని మరోసారి విని, పూడ్చి, కాలితో తొక్కి సమం చేస్తారు. నాణేన్ని వేలితో రుద్దకూడదు. అంటుకున్న ఇసుక రేణువులే దాని ముఖాన్ని గీకేస్తాయి. సంచిలో వేసి, జీపీఎస్‌లో ఆ చోటు రాసుకోవాలి. ఈ వ్యాపకంలో చాలామందికి విసుగు పుట్టించేదీ, నా దృష్టిలో మిగతా అన్నిటికంటే విలువైనదీ ఈ ఆఖరి పనే.

ఎందుకో చెప్పడానికి 2010 ఏప్రిల్‌లో సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర జరిగిన సంగతి చాలు. డేవ్ క్రిస్ప్ ఆసుపత్రిలో వంటవాడు. చేలో ఒక వింత ధ్వని విని తవ్వితే చిన్న కంచు నాణేలూ, కుండ పెంకూ కనిపించాయి. కింద పెద్ద కుండ ఉందని అర్థమైంది. అక్కడ ఆపేశాడు. గుంట పూడ్చి, ఇలాంటివి నమోదు చేసే స్థానిక అధికారికి కబురు చేశాడు. పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి కుండను పైనుంచి పొరలు పొరలుగా ఖాళీ చేశారు. 52,503 రోమన్ నాణేలు, సుమారు 160 కిలోలు. పొరలు విడివిడిగా ఉంచడం వల్ల ఒక సంగతి బయటపడింది. అందులో చివరి కాలానివైన, బ్రిటన్‌ను ఏలిన కరౌసియస్ నాణేల్లో ఎక్కువ భాగం పైన లేవు, కుండలో సగానికి దిగువన ఉన్నాయి. అంటే ఏళ్ల తరబడి కొంచెం కొంచెం దాచుకున్న సొమ్ము కాదు, ఒక్కసారే పోసింది. కుండ గోడ పలచన, ఆ బరువుతో ఎత్తితే పగిలిపోతుంది. కాబట్టి ఖాళీ కుండను ముందే గోతిలో దింపి తర్వాత నింపి ఉండాలి. మళ్లీ తీసుకోవాలనుకున్నవాడు అలా దాస్తాడా? దేవతకు మొక్కుగా సమర్పించిందేమోనని కొందరు పండితులు అనుకోవడానికి దారి దొరికింది. క్రిస్ప్ ఆ సాయంత్రం బకెట్లతో తోడేసి ఉంటే నాణేలు ఒక్కటీ తగ్గేవి కావు, కథ మాత్రం పోయేది.

2015లో హియర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరు, క్రిస్ప్ చేయని ఆ పనే చేశారు. వైకింగుల కాలం నాటి నిధిని చెప్పకుండా తీసి అమ్ముకున్నారు. దాదాపు మూడు వందల నాణేలని అంచనా, దొరికినవి ముప్పై చిల్లర. ఆ కొద్దిపాటి నాణేల్లోనే ఆల్ఫ్రెడ్ రాజూ, చరిత్ర చిన్నచూపు చూసిన మెర్సియా రాజు చెయోల్‌వుల్ఫ్ పక్కపక్కన సమానులుగా కూర్చున్న ముద్రలున్నాయి. మిగతావి ఏం చెప్పేవో! ఇద్దరూ జైలుకు వెళ్లారు.

దొరికినదాన్ని చెప్పి నమోదు చేయించే ఈ దారికి ఇంగ్లండు తేలిగ్గా రాలేదు. 1980లో పురావస్తు శాస్త్రవేత్తలు డిటెక్టర్లకు వ్యతిరేకంగా ప్రచార ఉద్యమం నడిపారు. 80లలో సర్రీలోని వాన్‌బరో రోమన్ గుడి స్థలాన్ని దొంగలు తవ్విపోశారు. ఆ గొడవల తర్వాత 1996లో నిధుల చట్టం వచ్చింది. మూడు వందల ఏళ్లు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికినా పద్నాలుగు రోజుల్లో చెప్పాలి. మ్యూజియం ఉంచుకోదలిస్తే మార్కెట్ ధర కడుతుంది, మామూలుగా అది దొరికినవాడికీ భూయజమానికీ చెరిసగం. చట్టం పరిధిలోకి రాని బొత్తాన్నీ, బకిలునూ కూడా ఇష్టపూర్వకంగా చూపించి నమోదు చేయించే పథకం 1997లో మొదలైంది, ఆ జాబితా పదిహేను లక్షల వస్తువులు దాటింది. నిషేధించినవాళ్ల కంటే టీ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్లకే ఎక్కువ సమాచారం వచ్చింది.

ఆ చట్టం రాకముందే, 1992లో సఫక్‌లోని హాక్సన్ గ్రామంలో ఎరిక్ లాస్ అనే విశ్రాంత తోటమాలి, రైతు స్నేహితుడు పోగొట్టుకున్న సుత్తి వెతకడానికి వెళ్లి దాదాపు పదిహేను వేల రోమన్ నాణేల పెట్టెను కనిపెట్టాడు. ఆయనా మధ్యలోనే ఆపి కబురు చేశాడు. సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ పెట్టెలో వెండి మిరియాల బుడ్లున్నాయి. ఒకటి రోమన్ స్త్రీ బొమ్మ, అడుగున తిప్పే బిళ్ల. అందులో పోసిన మిరియాలు మన దక్షిణాది నుంచి ఓడలెక్కినవి. అంతకు కొన్ని శతాబ్దాల ముందే రోమ్ డబ్బు ఇటు వచ్చింది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేల నిధి బయటపడింది.

మన నేలలో కొన్నిచోట్ల యంత్రమే అక్కర్లేదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో వానకు మట్టి కొట్టుకుపోతే నాణేలు పైకి తేలేవి. ధర్మపురి పండితుడు సంగనభట్ల నరహరిశర్మ వాటిని సేకరించి శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దగ్గరికి చేర్చారు. శాతవాహన వంశ మూలపురుషుడు శిముకుడి పేరు వాటి మీద చదవగలిగారు. తొలి శాతవాహనులకు తెలంగాణతో ఉన్న సంబంధం మీద చర్చ మారిపోయింది. ఏ నాణెం ఏ ఊరిదో తెలియడమే అక్కడ సాక్ష్యం. అవే నాణేలు హైదరాబాద్‌లో ఒక వ్యాపారి గాజు బీరువాలో ఊరు పేరు లేకుండా కనిపించి ఉంటే ఆ వాదనకు ఆధారముండేది కాదు.

మన దేశంలో డిటెక్టరు పట్టుకుని సరదాగా చేలమీద తిరగడం అంత తేలిక కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి నేలలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి, దాస్తే ఏడాది దాకా జైలు. ఆ చట్టంలో దొరికినవాడికీ వాటా ఉందని చాలామందికి తెలియదు. హక్కుదారు లేడని తేలి, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే ముప్పావు దొరికినవాడికి, పావు స్థలం యజమానికి. ఇంగ్లండు చట్టం కంటే ఉదారమే. కానీ ప్రభుత్వం దాన్ని తీసుకోవాలనుకుంటే చెల్లించాల్సింది లోహం విలువ, దానిపై ఐదోవంతు. శాతవాహనుల నాణేల్లో చాలా భాగం సీసానివి. రెండు వేల ఏళ్ల నాటి సీసపు బిళ్లకు తూకం ధర కడతామంటే, పొలంలో దొరికిన రైతు తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కుతాడా, సంతలో కొనేవాడి దగ్గరికి వెళ్తాడా?