సువార్త ప్రచారమున సంఖ్యయు శిష్యత్వమును

మత్తయి సువార్త తుదిని యేసు తన శిష్యుల కొసగిన యాజ్ఞయే క్రైస్తవ ప్రచారమునకు ప్రమాణము. మూలమగు గ్రీకున నా వాక్యమునకు ప్రధాన క్రియ శిష్యులను చేయుట. వెళ్లుట, బాప్తిస్మమిచ్చుట, బోధించుట యనునవి దాని నాశ్రయించిన రూపములు. ఆధునిక ప్రచారమును దూచుటకు ఈ వ్యాకరణమే త్రాసు.

అమెరికాలో చార్లెస్ ఫిన్నీ, ఉజ్జీవము తగిన సాధనములవలన కలుగు ఫలమని 1835 నాటి తన యుపన్యాస గ్రంథమున వాదించెను. కలతచెందినవారిని ముందు బల్లకు బిలుచు పద్ధతి ఆయనవలన ప్రసిద్ధమయ్యెను. బిల్లీ గ్రాహము 1949లో లాస్ ఏంజిలీస్‌నందు జరిపిన సభల పిమ్మట, వేదికకడకు నడచివచ్చుట, చీటీపై పేరు వ్రాయుట లోకమంతట పరిచితములైనవి. పిలుచుట తప్పుగాదు. పెంతెకొస్తు దినమున పేతురును పిలిచెను. సుమారు మూడువేలమంది చేరిరి. అయితే లూకా ఆ సంఖ్యకడ నాగలేదు. వారు బోధయందును, సహవాసమునందును, ప్రార్థనయందును నిలిచిరని వెంటనే తెలిపెను. నేటి నివేదికలు పెక్కు సంఖ్యతోనే ముగియును. గ్రాహము సభలవారు ఆ చీటీలను స్థానిక సంఘముల కందజేయు నేర్పాటు చేసిరి. అనగా నీ కొఱత వారికిని దెలియును.

తెలుగునాట దీనికి గట్టి నిదర్శన మొకటి కలదు. 1876–78 కఱవున ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, మద్రాసువారికి సుపరిచితమగు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు గొని వేలమందికి కూలి కల్పించెను. చేరగోరువా రనేకులున్నను, కూటికొఱకు మతమను నింద రాకుండ, కఱవు సహాయము సాగినంతకాలము బాప్తిస్మము నాపెను. పిమ్మట 1878 జూలై 3న, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికడ 2,222 మందికి ఒక్కదినమున బాప్తిస్మమీయబడెను. ఆఱుగురు బోధకులు ఇద్దఱిద్దఱుగా వంతులు మార్చుకొనిరి. ఆ సంఖ్య దేశదేశముల మాఱుమ్రోగెను. దానికి ముందటి నిరీక్షణను తలచువా రరుదు. విమర్శకునకు మాత్ర మా నిరీక్షణయే విలువైనది. రామాయపట్నమున బోధకుల శిక్షణాలయ మప్పటికే యున్నను, పల్లెపల్లెకు చెదరియున్న యంతటి జనమునకు నేర్పు బోధకులు చాలరైరి. క్లౌ పనియందును త్రాసు పూర్తిగా సమముగా లేదు.

కానుకకు ప్రతిఫలముగా స్వస్థతను, సంపదను వాగ్దానము చేయు నేటి ప్రచారము సంగతి వేఱు. అది కొఱత గాదు, వ్యతిక్రమము. కొరింథులో పౌలు డేరాలు కుట్టి జీవించెను. సమరయలో గారడీ సీమోను బాప్తిస్మము పొందినవాడే, లెక్కలో నొకడే. ద్రవ్యముతో నాత్మశక్తిని గొనజూచినప్పుడు పేతురు వానిని తీవ్రముగా మందలించెను. తనకొఱకు ప్రార్థింపుమని సీమోను వేడుకొనెను. ఆ మీదట వాడేమయ్యెనో లూకా వ్రాయలేదు.