రెండు ట్యూబుల జిగురు

పగిలిన బంపర్ అతకాలన్నా, డోర్ స్కిన్ మార్చాలన్నా, సొట్ట తీశాక లప్పం పట్టాలన్నా టింకరింగ్ షెడ్డులో రెండు భాగాల సరుకు లేనిదే పని నడవదు. ఒకటి రెసిన్, రెండోది హార్డనర్. ఈ జిగురు ఎంత గట్టిగా పడుతుందో అందరూ చెబుతారు. కలిపే కుర్రాడి చేతుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. షెడ్డులో బతికినవాడిగా నాకు అదే బాధ.

ఈ జిగుళ్లలో ఒక రకమైన ఎపాక్సీ హార్డనర్లలో ఎక్కువగా ఉండేవి అమీన్లనే రసాయనాలు. మొదట్లో చేతికి అంటినా ఏమీ అనిపించకపోవచ్చు. నెలలో ఏళ్లో గడిచాక కొందరికి వేళ్ల సందుల్లో దురద మొదలవుతుంది, చర్మం ఎర్రబారి నీటిపొక్కులు లేస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇక అది జన్మంతా వదలదు. ఆ తర్వాత చుక్క తగిలినా మళ్లీ పొక్కుతుంది. చేతిపని మీద బతికేవాడు ఆ పనే మానుకోవాల్సి వస్తుంది.

దీనికి తోడు థిన్నర్. చేతికంటిన జిగురుని థిన్నర్ గుడ్డతో తుడుచుకోవడం షెడ్లలో రోజూ కనిపించేదే. అది చర్మంలోని నూనెని లాగేసి రెసిన్‌కి దారి చేస్తుంది. గట్టిపడక ముందే సబ్బుతో కడుక్కోవాలి. గ్లోవ్స్ నైట్రైల్‌వి కావాలి. నూలువి జిగురుని పీల్చుకుని చేతికే అంటిస్తాయి. “చెమట పడుతోంది మేస్త్రీ, పట్టు దొరకట్లేదు” అంటాడు కుర్రాడు. నిజమే, మే నెలలో రేకుల కింద గ్లోవ్స్ వేసుకోవడం నరకం. “తడిస్తే తీసేసి ఇంకో జత వేసుకోరా” అని చెప్పాలంటే ఆ ఇంకో జత షెడ్డులో ఉండాలి.

ఆ ఎండే జిగురునీ తొందరపెడుతుంది. కలిపాక వాడుకోవడానికి డబ్బా మీద రాసిన సమయం 20-25 డిగ్రీల లెక్క. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ సమయం దాదాపు సగమవుతుంది. 20 నిమిషాలని రాసి ఉన్నది విజయవాడ ఆటోనగర్ ఎండలో 10 నిమిషాలు కూడా ఆగదు. కప్పులో కుప్పగా వదిలేస్తే దానంతటదే కాలిపోయేంత వేడెక్కి పొగలు చిమ్ముతుంది. అందుకే కావలసినంతే కలిపి, రేకు మీద పల్చగా పరిచి వాడాలి. మిగిలింది థిన్నర్ గుడ్డలున్న బుట్టలో వెయ్యకూడదు.

త్వరగా ఆరాలని హార్డనర్ ఎక్కువ వేసేవాళ్లున్నారు. కూరలో ఉప్పులా తర్వాత సర్దుకునేది కాదిది. ఎపాక్సీలో కొలత తప్పితే కొంత భాగం ఎప్పటికీ కలవకుండా మెత్తగా మిగిలిపోతుంది. లప్పంలో మామూలుగా 100 గ్రాములకి 2 గ్రాముల హార్డనర్. ఎక్కువైతే పెయింట్ వేశాక మరక పైకి తేలుతుంది. ఫైబర్ పని చేసేవాళ్లు ఇంకో సంగతి మరవద్దు. హార్డనర్‌గా వాడే కేటలిస్టునీ కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ నేరుగా కలిపితే పేలవచ్చు. ఆ కేటలిస్టు కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు తప్పనిసరి.

జిగురు ఎక్కడ వాడాలన్నది మేస్త్రి ఇష్టం కాదు, కారు కంపెనీ రిపేర్ మాన్యువల్ చెప్పాలి. అది వినకపోతే ఏమవుతుందో చూడండి. మన దగ్గర జాజ్‌గా అమ్మిన హోండా ఫిట్ ఒకటి అమెరికాలో వడగళ్లకి సొట్టలు పోయింది. వెల్డింగ్ చేయాల్సిన రూఫ్‌ని షెడ్డువాళ్లు జిగురుతో అతికారు. దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్న దంపతులు 2013లో ప్రమాదానికి గురై తీవ్రంగా గాయపడ్డారు. 2017లో డల్లాస్ జ్యూరీ ఆ షెడ్డు 3.15 కోట్ల డాలర్లు కట్టాలని తేల్చింది.

షెడ్డు యజమానులకి నా మనవి: నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు, చిన్న తూకం మిషను కొని పెట్టండి. ఆ ఖర్చు కుర్రాళ్ల జీతంలో కోయకండి.