ఒబెరామర్‌గావ్ శ్రమల నాటకంలో జనసమూహ పాత్ర

క్రీస్తు శ్రమల కథను రంగస్థలం మీదికి తెచ్చిన ప్రదర్శనల్లో జర్మనీలోని బవేరియా ప్రాంతపు ఒబెరామర్‌గావ్ గ్రామ నాటకం సుప్రసిద్ధం. ప్లేగు ప్రబలిన 1633లో గ్రామస్థులు ఈ నాటకం ఆడతామని మొక్కుకున్నారు. మరుసటి సంవత్సరం తొలి ప్రదర్శన జరిగింది. క్రమంగా పదేళ్లకోసారి ఆడటం ఆనవాయితీ అయింది. ఆ ఊళ్లో పుట్టినవారు, లేదా ఇరవై ఏళ్లుగా అక్కడ నివసిస్తున్నవారు మాత్రమే పాత్రధారణకు అర్హులు. రోమన్ పాత్రధారులు మినహా తక్కిన పురుషులు ఏడాదికి పైగా జుట్టూ గడ్డమూ పెంచుతారు. వ్యాఖ్యాతలు సాధారణంగా ఈ మొక్కు దగ్గరే ఆగిపోతారు. నాటకాన్ని నాటకంగా పరిశీలిస్తే అసలు సమస్య జనసమూహ పాత్రలో కనిపిస్తుంది.

పిలాతు చేతులు కడుక్కున్నప్పుడు ఆ రక్తాపరాధం తమ మీదా తమ సంతానం మీదా ఉండనిమ్మని ప్రజలు అన్నట్లు మత్తయి ఒక్కడే రాశాడు. మిగిలిన ముగ్గురు సువార్తికులు ఆ మాట చెప్పలేదు. గ్రంథంలో అది ఒక వాక్యం, చదువరి దాన్ని దాటి వెళ్లగలడు. రంగస్థలం మీద అదే మాట వందల గొంతుల్లో ఒక్కసారిగా వినిపిస్తుంది. పలికేవారందరిదీ ఒకే జాతి వేషం, ఒకే ఆవేశం. గ్రంథంలో కథనంగా ఉన్నది ప్రదర్శనలో ఒక జాతి మొత్తంపై అభియోగమైంది. ఆహార్యమూ దీనికి తోడైంది. యూదు యాజకులకు కొమ్ములను తలపించే తలపాగాలు పెట్టేవారు. సంభాషణ మొదలవకముందే ప్రేక్షకుని తీర్పు ముగిసిపోయేది. తెలుగు పౌరాణిక నాటకంలో దుర్యోధనునికి సైతం తన పక్షం చెప్పుకొనే పద్యాలుంటాయి. ఇక్కడి సమూహానికి కేకలే తప్ప వాదం లేదు. 1934లో మూడు వందల ఏళ్ల ప్రత్యేక ప్రదర్శనను చూసిన హిట్లర్, 1942లో ఈ నాటకాన్ని తన యూదు ద్వేషానికి అనుకూలంగా ప్రశంసించడం యాదృచ్ఛికం కాదు.

క్రీస్తు మరణానికి యూదులందరినీ బాధ్యులను చేయరాదని రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. అయినా 1970 ప్రదర్శన 19వ శతాబ్దపు డైసెన్‌బెర్గర్ పాఠాన్నే ఆశ్రయించింది. యూదు సంస్థలు బహిష్కరణకు పిలుపునిచ్చాయి. 1990లో క్రిస్టియన్ స్ట్యూకల్ దర్శకత్వం చేపట్టాక మార్పు మొదలై, 2000 నాటికి ఆ రక్తాపరాధ వాక్యం తొలగిపోయింది. ఈ తొలగింపునే సంస్కరణ సర్వస్వంగా భావించడం పొరపాటు. వాక్యం పోయినా ఒకే గొంతుతో అరిచే సమూహం మిగిలితే అభియోగం మిగిలినట్లే. స్ట్యూకల్ సాధించినది సమూహాన్ని చీల్చడం. విడుదల కోరేవారూ మరణం కోరేవారూ ఒకే వేదికపై తలపడతారు. యాజకసభలో నికోదేము ఎదురు వాదిస్తాడు. యేసు ఆ జనంలోని ఒక రబ్బీగా కనిపిస్తాడు, హీబ్రూలో ప్రార్థిస్తాడు. సంఘర్షణ యూదులకూ క్రైస్తవులకూ మధ్య నుండి యూదుల అంతర్గత చర్చలోకి మారింది. నాటకీయత కూడా దీనివల్ల పెరిగిందే కాని తగ్గలేదు.

నటవర్గమూ మారింది. వివాహితలకూ 35 ఏళ్లు దాటిన స్త్రీలకూ ఉన్న నిషేధం 1990లో న్యాయస్థానం తీర్పుతో తొలగింది. కోవిడ్ వల్ల 2020 నుండి 2022కు వాయిదాపడిన ప్రదర్శనలో యూదా ఇస్కరియోతు పాత్రధారుల్లో ఒకరైన చెంగిజ్ గ్యోరూర్ ముస్లిం.

అయితే నిశ్చలదృశ్యాల సంగతి ఇంకా తేలలేదు. కథ నడుమ పాతనిబంధన ఘట్టాలను నటులు బొమ్మల్లా కదలక నిలబడి చూపుతారు, గాయకబృందం వాటిని వ్యాఖ్యానిస్తుంది. అన్నలు యోసేపును అమ్మివేయడం యూదా ద్రోహానికి ముందునీడగా నిలవడం సంప్రదాయ పాఠంలోని పద్ధతి. చిత్రాల ఎంపిక ఇటీవల మారినా రూపం మారలేదు. క్రీస్తు కథకు చలనం, సంభాషణ ఉన్నాయి. హీబ్రూ గ్రంథంలోని మనుషులు మాత్రం మాట లేకుండా, మరొక కథకు సూచనగా నిలుస్తారు. జనసమూహం విషయంలో దర్శకుడు చూపిన తెగువ ఈ దృశ్యాల నిర్మాణం దాకా రాలేదు. సంగీతం, దృశ్యశోభ ఇక్కడే అత్యంత రమణీయంగా ఉండటంతో విమర్శకుల దృష్టి కూడా దీనిపై అంతగా నిలవడం లేదు.