గణిత చరిత్ర ఎవరి సొత్తు?

గణితం గ్రీసులో పుట్టి, మధ్యయుగాల్లో నిద్రపోయి, ఐరోపా పునరుజ్జీవనంతో మేల్కొన్నదనే కథ చాలాకాలం చరిత్ర గ్రంథాలను ఏలింది. వలస పాలకులకు ఈ కథ బాగా పనికివచ్చింది. ఆలోచించే శక్తి తమకే ఉన్నదని ఒప్పించగలిగినవాళ్ళకు, ఏలే హక్కుకూడా తమదేననటం ఎంతసేపు? 1991లో వెలువడిన జార్జ్ గెవర్గీస్ జోసెఫ్ గ్రంథం ‘ది క్రెస్ట్ ఆఫ్ ది పీకాక్’ ఈ కథను సూటిగా ఎదుర్కొన్నది. ఈజిప్టు, బాబిలోనియా, చైనా, భారతదేశం, అరబ్బు దేశాల గణితాన్ని, వాటి మధ్య విజ్ఞానం నడచిన దారులను అది వివరిస్తుంది. హైస్కూలు ఉపాధ్యాయులు చదివితీరవలసిన గ్రంథం. ఐతే దీన్ని తరగతిలోకి ఎలా తీసుకువెళ్ళాలన్నదే అసలు సమస్య.

పాఠం చివర ఆర్యభటుని పేరో, అల్ ఖ్వారిజ్మీ పేరో చెప్పి ముగిస్తే పిల్లవాడికి దక్కేదేమిటి? బట్టీయానికి మరో రెండు పేర్లు! చరిత్ర లెక్కలోనే కనిపించాలి. సుమారు రెండువేల ఏండ్లనాటి చైనా గ్రంథం ‘తొమ్మిది అధ్యాయాలు’లో ఒక సంత లెక్క ఉన్నది. 2 ఎడ్లు, 5 గొర్రెలు అమ్మి 13 పందులు కొంటే 1000 నాణేలు మిగులుతాయి. 3 ఎడ్లు, 3 పందులు అమ్మి 9 గొర్రెలు కొంటే సరికిసరి. 6 గొర్రెలు, 8 పందులు అమ్మి 5 ఎడ్లు కొంటే 600 తక్కువ పడుతుంది. ఒక్కొక్కదాని వెల ఎంత? విద్యార్థులే సాధించాలి: ఎద్దు 1200, గొర్రె 500, పంది 300. అమ్మకం ధనం, కొనుగోలు ఋణం. క్రీ.శ. 263లో ల్యూ హుయి ఈ గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ, ధనానికి ఎర్రపుల్లలు, ఋణానికి నల్లపుల్లలు వాడాలన్నాడు. 628లో బ్రహ్మగుప్తుడు ధన ఋణాల గుణకారానికి సూత్రాలు చెప్పాడు. 1544లోకూడా జర్మనీలో స్టీఫెల్ ఇవి అసంబద్ధ సంఖ్యలన్నాడు. మన పిల్లలు నేటికీ పలికే ‘ఋణ సంఖ్య’ అనే మాటలో అప్పుల చిట్టా దాగి ఉన్నది. గణితం ఆకాశం నుంచి ఊడిపడలేదనటానికి ఇంతకంటె దృష్టాంతం కావాలా?

ఐరోపా గర్వాన్ని పడగొట్టి ఆ పీఠం మీద మన గర్వాన్ని కూర్చోబెట్టటం అభ్యుదయం కాదు. 1965లో అచ్చయిన ‘వేదగణితం’లోని సూత్రాలు మనకు తెలిసిన వేదగ్రంథాల్లో ఎక్కడా కనిపించవు. అయినా వాటిని ప్రాచీన విజ్ఞానంగా పిల్లలకు నూరిపోసేవారున్నారు. అదే సమయంలో కేరళలో మాధవుడు కనుగొన్న అనంతశ్రేణులు, 16వ శతాబ్దిలో జ్యేష్ఠదేవుడు వాటిని ఉపపత్తులతో మలయాళంలో వివరించిన ‘యుక్తిభాష’ మరుగున పడి ఉంటాయి. ఆ శ్రేణులు జెసూట్ల ద్వారా ఐరోపా చేరి ఉండవచ్చుననే ఊహను జోసెఫ్ లేవనెత్తాడు. దానికి ప్రత్యక్ష సాక్ష్యం ఇంతవరకు దొరకలేదు. ఉపాధ్యాయుడు ఈ మాటకూడా దాచకుండా చెప్పాలి. ఉపపత్తి లేని సిద్ధాంతాన్ని ఒప్పుకోవద్దని నేర్పేవాడు, సాక్ష్యం లేని చరిత్రను ఒప్పుకోమనటం ఎలా చెల్లుతుంది?

మరొక ప్రశ్నకూడా పిల్లలు అడగాలి. ఆ కేరళ గణితవేత్తల్లో ఎక్కువమంది నంబూద్రి బ్రాహ్మణులే ఎందుకయ్యారు? వారికి తీరిక ఎవరి శ్రమవల్ల సమకూరింది? ఆ పొలాల్లో చెమటోడ్చినవారికి అక్షరాలే అందలేదు. మహావీరుని ‘గణితసార సంగ్రహం’ పావులూరి మల్లన చేతిలో తెలుగు పద్యమైంది. కాని ఆ పద్యం ఎన్ని ఇళ్ళకు చేరింది? విజ్ఞానం దేశాల సరిహద్దులు దాటినంత సులభంగా వర్ణాల సరిహద్దులు దాటలేకపోయింది.

అందువల్ల గణిత చరిత్ర బోధన పాఠ్యగ్రంథానికి తగిలించే అలంకారం కారాదు. నలుపు జాతులకు, తూర్పు దేశాలకు లెక్క రాదన్న అబద్ధాన్ని, లెక్క కొందరి పుట్టుసొత్తన్న అబద్ధాన్ని ఒకే దెబ్బకు కొట్టే ఆయుధం అది. తాను చేస్తున్న లెక్కను బాగ్దాదు వర్తకుడూ, చైనా గుమాస్తా కూడా చేశారని తెలిసిన బీదపిల్లవాడు, ఈ శాస్త్రం తనకు పరాయిదని ఎందుకు అనుకుంటాడు?